పెరటి మన్నాయు నిలువ జాడీయు

పాఠభాగము: నిర్గమకాండము 16వ అధ్యాయము



మన్నాను గూర్చిన యీ అధ్యాయమును మనలో అనేకులము సండేస్కూలు నాటినుండి యెరుగుదుము. అయితే దీనిని వంటయింటి కన్నులతో చదివినవారు తక్కువ. ఈ నెల అట్లు చదువుదము.

ఇశ్రాయేలీయులు ప్రతి ఉదయము తలకొక ఓమెరు చొప్పున మన్నాను ఏరుకొనిరి. ప్రొద్దెక్కి ఎండ ముదిరిన తరువాత నేలమీద మిగిలినది కరగిపోయెడిది. కొందరు మోషే మాటను లెక్కచేయక తెల్లవారువరకు దాచి చూచిరి. దానిలో పురుగులు పుట్టెను. ఆరవ దినమున మాత్రము రెండంతలు ఏరుకొని, కాల్చియో వండియో మరునాటికి ఉంచుకొనుటకు వారికి సెలవు దొరికెను. ఆ నాటిది చెడలేదు. అధ్యాయము చివర అహరోను ఒక గిన్నెలో నిండు ఓమెరు మన్నాను ఉంచగా, అది రాబోవు తరములవారికొరకు నిలిచినదని చదువుచున్నాము. పదార్థము ఒక్కటే. ఒక భాగము రాత్రి గడచువరకైనను నిలువలేదు, ఒకటి రెండు దినములు నిలిచెను, ఒకటి తరతరములు నిలిచెను.

మన సంఘములలో ఈ విషయమై రెండు తెగలవారు కనబడుదురు. దాచుటయే అవిశ్వాసమని యొకరందురు. ఎంత దాచిన అంత జ్ఞానమని మరియొకరందురు. ఈ అధ్యాయము ఇద్దరినిగూడ ఆపి ప్రశ్న వేయుచున్నది. దాచవలసినదేది? ఏ విధముగా? ఎంత? మన పెరటికిని మన జాడీలకును ఈ మూడు ప్రశ్నలే కావలెను. వీటిలో "ఏ విధముగా" అను దానికి జవాబు తప్పినయెడల ప్రాణము పోవచ్చును. కావున దానిమీదనే ఎక్కువ సేపు నిలుతుము.

దినదినము కోసికొనునది

అహాబు రాజు నాబోతు ద్రాక్షతోటను కోరినది దానిని కూరతోటగా చేసికొనుటకని 1 రాజులు 21లో ఉన్నది. ఆ కోరిక ఎంత ఘోరమునకు దారితీసెనో అందరికి తెలిసినదే. అయితే ఆ తోట తన నగరునకు దగ్గరగా నున్నదని అతడు చెప్పిన కారణము మట్టుకు సరియైన కారణము. కూరతోట యింటికి దగ్గరగానే యుండవలెను. ఊరికి మైలు దూరమున నున్న మడిలో కలుపు తీయబడదు. వంటకు కూర్చున్నప్పుడు గుప్పెడు కరివేపాకు అక్కడనుండి రాదు.

ఇల్లు కట్టగా ఒక సెంటు చోటు మిగిలినను చాలును. సెంటనగా 48 గజముల పైచిలుకు. ఉత్తరపు దిక్కున ఒక మునగ, ఒక కరివేప, రెండు బొప్పాయి మొక్కలు, బీరకో కాకరకో ఒక పందిరి ఉంచినయెడల వాటి నీడ మడులమీద పడదు. స్నానము చేసిన నీరు, గిన్నెలు కడిగిన నీరు పోవు త్రోవలో రెండు అరటి పిలకలు, కొంచెము చేమ నాటవలెను. బచ్చలి తీగకు వేరే చోటక్కరలేదు, కంచె చాలును. చిక్కుడు పాదు వానకాలమున పెట్టినది చలికాలమున కాయును.

ఆకుకూరల విషయములో చాలమంది చేయునది యేమనగా, తెచ్చిన తోటకూర విత్తనమంతయు ఒక్కనాడే చల్లుదురు. నెలదిరుగునప్పటికి మడి అంతయు ఒక్కసారిగా ఎదిగి, తినలేక కొంత ముదిరిపోవును. తరువాత నెలయంతయు ఏమియు లేదు. మడిని మూడు ముక్కలుగా చేసి పది దినములకొక ముక్క చల్లవలెను. తోటకూర 25, 30 దినములలో కోతకు వచ్చును గనుక, మొదటి ముక్క కోయునప్పటికి మూడవది మొలిచి యుండును. గోంగూర, చుక్కకూరలకును ఇట్లే. దినదినమునకు కావలసినంత దినదినము దొరకుట యన్నది ఇదియే.

ఈ ఆకులను చిన్నవిగా ఎంచవద్దు. ముదురాకుపచ్చ కూరలు, మునగాకు, పండిన బొప్పాయి పిల్లలకు తరచుగా పెట్టుట రేచీకటి రాకుండ కాపాడును. ఆకుకూరలో కొంచెము నూనె వేసి వండినయెడల ఆ సత్తువ ఒంటికి బాగుగా పట్టును. పురుగు కనబడగానే మందులకొట్టుకు పరుగెత్తనక్కరలేదు. 50 గ్రాముల వేపపలుకులను నలిపి, గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రి నానబెట్టి, ఉదయమున పిండి వడగట్టి, చిటికెడు సబ్బు కలిపి సాయంకాలము చల్లవలెను. ప్రొద్దుననే చల్లినయెడల ఎండకు దాని బలము త్వరగా పోవును.

ఎండయు ఉప్పును పులుపును

పెరడు ఏడాది పొడుగున ఒకే తీరున ఇయ్యదు. ఫిబ్రవరి, మార్చి నెలలలో టమాటాలు తట్టలకొలది వచ్చి అడిగెడు దిక్కుండదు. మే నెలలో మడులు మాడిపోవును. అప్పుడు ఆరవ దినపు పని మొదలగును.

ఆహారమును చెడగొట్టు సూక్ష్మక్రిములు కంటికి కనబడవు. అవి బ్రదుకుటకు తడి కావలెను, వాటికి సరిపడు చప్పదనము కావలెను. మన అమ్మమ్మలు ఆ క్రిముల పేరెరుగరు గాని వాటిని ఆకలితో చంపు విద్య యెరుగుదురు. వంకాయ, కాకర, గోరుచిక్కుడు ఒరుగులు, బూడిదగుమ్మడి వడియాలు, చల్లలో ఊరి ఎండిన మిరపకాయలు, ఇవన్నియు తడిని తీసివేయు పద్ధతులు. కూరముక్కలను రెండు మూడు నిమిషములు మరుగునీటిలో ముంచి తీసి ఎండబెట్టినయెడల రంగు చెడదు, ఎక్కువ కాలము నిలుచును. ఒరుగు ఎండినదో లేదో తెలిసికొనుటకు వంచి చూడవలెను. పెళుక్కున విరిగిన ఎండినది; వంగిన ఇంకను తడి యున్నది, దానిని డబ్బాలో పోసిన బూజు పట్టును. మునగాకును మాత్రము నీడను ఆరబెట్టి పొడి కొట్టవలెను.

ఆవకాయ సంగతి వేరు. దానిలో తడి యున్నది, అయినను ఏడాది నిలుచును. ఎందువలన? నూనె వలన అని అనేకులు చెప్పుదురు. అది సగము మాట. దానిని నిజముగా కాపాడునవి మామిడికాయ పులుపు, లెక్క తప్పని ఉప్పు. ఆవపిండి వాటికి తోడు. నూనె పైనుండు గాలిని ఆపి, బూజు పట్టకుండ చేయును, అంతే. ఈ భేదము తెలియనివారు ఏ కూరముక్కలనైనను నూనెలో ముంచినయెడల నిలుచునని తలంతురు. 1985లో కెనడా దేశపు వాంకూవరు పట్టణములో ఒక భోజనశాలలో నూనెలో వేసి బయటనే ఉంచిన వెల్లుల్లిని తినిన అనేకులు ఘోరమైన విషబాధకు గురియైరి. వెల్లుల్లికి పులుపు లేదు. గాలి తగులని చోటనే పెరుగు క్రిమికి ఆ నూనె తలుపు మూసి కాపలా కాచెను. మన ఆవకాయలో పడిన వెల్లుల్లికి ఆ భయము లేదు, ఏలయనగా దాని చుట్టును పులుపు, ఉప్పు ఉన్నవి. కావున నిలువ పచ్చడిలో ఉప్పు తగ్గించి రుచి చూచుకొనువారు, ఆ పచ్చడి నిలువ పచ్చడి కాదని యెరిగి వారము దినములలో తినివేయవలెను.

ఒక మాట కూడ చెప్పవలెను. ఊరగాయ కూరకు బదులు కాదు. రక్తపు పోటు గలవారి కంచములో అది గోటిమీద పట్టునంతయే యుండవలెను. ఉన్న డబ్బు పండుగకు వ్యయపరచి, మిగిలిన నెలంతయు పిల్లలకు ఊరగాయ నీళ్లన్నము పెట్టు ఇండ్లు నేడును ఉన్నవి. పెరటి మడి యున్నచోట అది జరుగనక్కరలేదు.

గాజుసీసాలో వండి మూయు విధము

మనకు ఎండ యున్నది. ఎండ లేని చలిదేశములవారు వేరు త్రోవ వెదకుకొనిరి. ఫ్రాన్సు దేశస్థుడైన నికొలా అప్పేరు మిఠాయిలు చేయువాడు. ఆహారమును గాజుసీసాలో నింపి, బిరడా బిగించి, సీసాతోకూడ మరుగునీటిలో కాచినయెడల అది నెలలకొలది చెడదని అతడు ఏండ్లపాటు పరీక్షించి కనుగొనెను. అక్కడి ప్రభుత్వము 12,000 ఫ్రాంకులు బహుమానమీయగా, 1810లో తన పద్ధతిని పుస్తకముగా అచ్చువేసెను. అది ఎందుకు నిలుచునో అతనికే తెలియదు. 1860వ దశకములో లూయీ పాశ్చరు సూక్ష్మక్రిములను గూర్చి చెప్పిన తరువాతగాని లోకమునకు తెలియలేదు. 1858లో అమెరికా దేశమందు జాన్ మేసన్ అను రేకుపనివాడు మరమూత గల గాజుజాడీకి పేటెంటు పొందెను. అప్పటినుండి ఆ దేశపు ఇల్లాండ్రు పెరటి పంటను జాడీలలో వండి మూయుటకు అలవాటు పడిరి.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఈ అలవాటు వారికి మిక్కిలి అక్కరకు వచ్చెను. డబ్బాలలోని ఆహారమునకు 1943లో అక్కడ రేషను వచ్చెను. పట్టణముల అంచున చిన్న యిండ్లలో నుండు ఉద్యోగస్థులు సహితము పచ్చికను తవ్వి కూరగాయలు వేసిరి. ఆ యేడు అట్టి తోటలు ఇంచుమించు 2 కోట్లని అంచనా. జాడీలకు, పాత్రలకు స్తోమతు లేనివారికొరకు అనేక ఊళ్లలో ఉమ్మడి వంటశాలలు తెరచి, అందరును కూడి అక్కడ నిలువచేసికొనిరి. ఇది మన స్త్రీల సమాజములు ఆలోచింపదగిన పద్ధతి.

అయితే ఆ దేశములోనే, మన కాలములోనే, జరిగిన మరియొక సంగతి యున్నది. 2015 ఏప్రిల్ 19వ తేది ఆదివారమున ఒహాయో రాష్ట్రములో ఒక సంఘమువారు ఆరాధనానంతరము ప్రేమవిందు చేసికొనిరి. ఎవరి యింటినుండి వారు వంటకములు తెచ్చిరి. ఒకరు తమ యింట జాడీలలో నిలువచేసిన బంగాళాదుంపలతో చల్లని కూర కలిపి తెచ్చిరి. రెండు దినములు తిరుగకముందే రోగులు ఆసుపత్రికి రాసాగిరి. మొత్తము 29 మందికి విషబాధ కలిగెను, ఒకరు మరణించిరి. ఆ దుంపలను నిలువచేసినవారు దురుద్దేశము గలవారు కారు, సోమరులు కారు. వారు జాడీలను మామూలు మరుగునీటిలో కాచిరి. అంతయే.

దీనికి కారణమైన క్రిమి పేరు క్లోస్ట్రీడియం బోట్యులినం. 1895లో బెల్జియము దేశమందు ఒక అంత్యక్రియల విందులో ఊరవేసిన పందిమాంసము తినిన వాద్యగాండ్రలో కొందరు చనిపోగా, వాన్ ఎర్మెంగెమ్ అను శాస్త్రజ్ఞుడు దానిని కనిపెట్టెను. ఇది మట్టిలో ఎక్కడనైనను ఉండును. దీని గింజలవంటి బీజకణములు 100 డిగ్రీల మరుగునీటిలో గంటలకొలది కాగినను చావవు. తరువాత గాలి తగులని మూసిన జాడీలో, పులుపు లేని ఆహారములో, అవి మొలకెత్తి విషమును పుట్టించును. దానికి వాసన యుండకపోవచ్చును, రుచి మారకపోవచ్చును. తినిన తరువాత సాధారణముగా 12 నుండి 36 గంటలలో కనురెప్పలు వాలుట, ఒకటి రెండుగా కనబడుట, మాట ముద్దగా వచ్చుట, మ్రింగుట కష్టమగుట, పిమ్మట ఊపిరి కుంటుపడుట జరుగును. అట్టి గురుతులు కనబడినయెడల నాటుమందు కొరకు ఆగక, ప్రార్థించుచునే పెద్దాసుపత్రికి తీసికొనిపోవలెను. ప్రార్థన బండి ఎక్కిన తరువాతను చేయవచ్చును.

ఈ బీజకణములను చంపుటకు 115 నుండి 121 డిగ్రీల వేడి కావలెను. అది ఆవిరి ఒత్తిడిచేతనే వచ్చును. అందుచేత పులుపులేని కూరలకు ఒత్తిడి పాత్ర వాడవలెనని అమెరికా వ్యవసాయశాఖ 1917లోనే చెప్పెను. మన యింటి ప్రెషరు కుక్కరు ఆ పని చేయదా యని అడుగుదురు. చేయదనియే తలంచవలెను. జాడీలకొరకు చేసిన పాత్ర పెద్దది, మెల్లగా వేడెక్కి మెల్లగా చల్లారును. నిర్ణయించిన నిమిషముల లెక్క ఆ పాత్రకే సరిపడును, అన్నము వండు కుక్కరునకు సరిపడదు. కావున చిక్కుడు, బెండ, దుంపలు, పప్పు, మాంసము, చేపలు వీటిని గాజుసీసాలో వండి మూయు ప్రయత్నమే మనము చేయవద్దు. వాటికి మనకు ఎండ యున్నది, ఉప్పు ఉన్నది.

టమాటా సీసా

టమాటా పులుపుదేయైనను హద్దుమీద నున్నది. కొన్ని రకములలో పులుపు చాలదు. కావున దానికి నిమ్మ ఉప్పు తప్పక చేర్చవలెను. ఈ పనికని చేసిన గట్టి గాజుసీసాలు, క్రొత్త మూతలు కావలెను. ఒకసారి బిగించిన మూత రెండవసారి గాలి ఆపదు.

పుచ్చులేని పండ్లను కడిగి, ఒక నిమిషము మరుగునీటిలో ముంచి, తోలు తీసి, కోసి, మెదుపుచు 5 నిమిషములు ఉడికించవలెను. అరలీటరుకు మించని వేడి సీసా అడుగున పావు టీచెంచాకు తగ్గకుండ నిమ్మ ఉప్పు వేసి, మరుగుచున్న గుజ్జును అంచుకు అర అంగుళము వెలితిగా నింపి, అంచును శుభ్రమైన గుడ్డతో తుడిచి మూత పెట్టవలెను. పెద్ద పాత్ర అడుగున గుడ్డ పరచి సీసాలను నిలిపి, మూతలపైన అంగుళమెత్తు నీరుండునట్లు వేడినీరు పోసి, తెర్లుట మొదలైనప్పటినుండి 50 నిమిషములు ఎడతెగక కాచవలెను. అరకువంటి ఎత్తైన చోట్ల మరి 5 నిమిషములు. నడుమ మంట తగ్గి తెర్లుట ఆగినయెడల లెక్క మొదటినుండి పెట్టవలెను. తీసిన సీసాను చన్నీటి గచ్చుమీద పెట్టిన పగులును. పీటమీద గుడ్డ పరచి ఒక రాత్రి కదల్చక ఉంచవలెను. ఉదయమున మూత నడుమ లోనికి దిగి, వ్రేలితో నొక్కినను కదలకుండవలెను. కదలునది ఆ దినమే వండుకొనుడు. బిగిసినవాటిని తేది వ్రాసి చీకటి చోట ఉంచి ఏడాదిలోగా వాడవలెను.

ఉబ్బిన మూత, కారుచున్న సీసా, తెరువగానే చిమ్మిన సీసా, వీటిని చెడినదో లేదో యని నాలుకతో చూడకూడదు. కుక్కకు, కోళ్లకు వేయకూడదు. సీసాతోకూడ లోతుగా పూడ్చి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. కష్టపడినది పారవేయుట యెట్లని ఇల్లాలికి మనసొప్పదు. మోషే కాలమున తెల్లవారువరకు దాచుకొనినవారికిని ఒప్పియుండదు.

ఓమెరు కొలత

ఎంత దాచవలెను? ఎక్కువ ఏరినవానికి మిగులలేదని, తక్కువ ఏరినవానికి తక్కువ కాలేదని ఈ అధ్యాయము చెప్పుచున్నది. యోసేపు ఐగుప్తులో దాచినది పంటలో అయిదవ వంతు. అది కరవులో జనులకొరకు తెరువబడెను. లూకా 12లోని ధనవంతుడు పెద్ద కొట్లు కట్ట తలంచెను. వాని ఆలోచనలో తాను తప్ప మరియొక మనుష్యుడు లేడు. ఇద్దరును దాచినవారే.

నా మట్టుకు నాకు, జాడీలను లెక్కపెట్టు మంచి పద్ధతి నెలలతో లెక్కపెట్టుట. మన యింట నెలకు ఎన్ని టమాటా సీసాలు, ఎంత ఒరుగు పట్టునో, పెరడు ఎండు నెలలు ఎన్నియో చూచి అంతకు సరిపడ చేయవలెను. దానికి ఒకటి చేర్చుడు: మన వీధిలో వండిపెట్టు దిక్కులేని ముసలమ్మకో, వ్యాధిగ్రస్తుల యింటికో, క్రొత్తగా ఊరికి వచ్చిన ఉపదేశి కుటుంబమునకో ఒక వంతు. అంతకు మించి పండినది పచ్చిగా ఉండగనే పంచుట మేలు. మార్చి నెలలో పొరుగింటికి ఇచ్చిన తట్ట టమాటాలకు పురుగు పట్టదు.

ఆవకాయ పెట్టుదినమున స్త్రీల సమాజము వారు కలిసి పెట్టినయెడల నూనె, ఆవాలు టోకున కొనవచ్చును. ఉప్పు లెక్క తెలిసిన పెద్దమ్మల చేయి క్రొత్త కోడండ్రకు తెలియును. ప్రేమవిందుకు తెచ్చు వంటకము మాత్రము ఆ ఉదయమున వండినదై యుండవలెనని పెద్దలు నియమము చేయుట మంచిది.

కోతపండుగకు మనము గుమ్మడికాయలు, అరటిగెలలు తెచ్చి ఆలయము ముందు పెట్టుదుము. ఈ యేడు వాటితోకూడ విత్తనములు తెండు. తీగకు మొదట కాచిన మంచి బీరకాయను, సొరకాయను కోయక ఎండనిచ్చుడు. బెండలో బలమైన మొక్కకు రెండు కాయలు విడువుడు. తోటకూర మడిలో నాలుగు మొక్కలను వెన్ను వేయనిండు. బాగుగా ఎండిన తరువాత విత్తులు తీసి, పొడి బూడిద కలిపి, మూతగల సీసాలో పోసి, చల్లని చీకటి చోట పెట్టుడు. సీసామీద కూర పేరు, ఏ యేటిదో, ఎవరి పెరటిదో వ్రాయుడు. పెరడున్నను విత్తనము లేని యింటివారు ఆనాడు వాటిని తీసికొనిపోయి, వచ్చు ఏడు అంతే విత్తనము తెచ్చి ఆ సీసాలో పోయుదురు.